ముగ్గురు తండ్రులకు ఒక్క గొంతు

మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడున్నరకు ఒక మనిషికి శాపనార్థాలు పడేవి. పెట్టేది మా ఆవిడ పుణ్యవతి. పడేవాడు శతనేత్రుడు. ‘గగనధీర’ అనే టీవీ సీరియల్‌లో విలన్ అతను. హిందీలో తీసి తెలుగు మాటలు పెట్టిన సీరియల్ అది. గగన్ అనే కుర్రాడు ఆకాశంలో ఎగురుతాడు, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడతాడు. శతనేత్రుడికి చూపు లేదు. ఊళ్లోని కెమెరాలన్నిటినీ తన కళ్లుగా చేసుకుని, ఆ కుర్రాణ్ని ఎక్కడా నిలవనివ్వడు. తీరా చూస్తే గగన్‌కు కన్నతండ్రి అతనే. ఆ సంగతి గగన్‌కు తెలియదు, మా ఆవిడకు తెలుసు. అందుకే అంత కోపం. “కన్నకొడుకుని ఇంతలా ఏడిపిస్తాడా, వాడి నోట్లో మన్ను పడ!” అంటూ పప్పుగుత్తితో సహా వంటింట్లోంచి వచ్చేసేది.

ఆవిడ అలా తిడుతున్నప్పుడు, పక్కన కూర్చుని మరమరాలు తింటున్న పిల్ల ఒకతె కిసుక్కున నవ్వేది. పేరు హర్షిణి. అయిదో తరగతి. మా పై అంతస్తులో కిరాయికి ఉండే మొగిలి కూతురు. వాళ్లమ్మ రేఖ మదీనాగూడలో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఆవిడ ఇల్లు చేరేదాకా పిల్ల మా ఇంట్లోనే. బడి సంచీ మా సోఫా మీద, చెప్పులు మా గుమ్మంలో, కబుర్లన్నీ మా ఆవిడ చెవిలో.

ఒకరోజు శాపాలు మరీ శ్రుతి మించాయి. హర్షిణి మరమరాల గిన్నె కింద పెట్టి, “అమ్మమ్మా, నువ్వు తిడుతున్నది మా డాడీని” అంది.

“ఛ, మీ డాడీని నేనెందుకు తిడతానే?”

“శతనేత్ర మాట్లాడేది మా డాడీనే. వేగ వాళ్ల డాడీ లేడా, ఆటో నడిపేటాయన? ఆయన కూడా మా డాడీనే. పోలీస్ కమిషనర్ కూడా.”

మా ఆవిడ పప్పుగుత్తి దించి నా వైపు చూసింది. నేను టీవీ వైపు చూశాను. తెర మీద శతనేత్రుడు “ఈ నగరంలో ప్రతి కన్నూ నాదే!” అని గర్జిస్తున్నాడు. మేడ మెట్ల మీద ఎదురైతే పక్కకు ఒదిగి నిలబడి, తల ఊపి, చిరునవ్వు నవ్వి వెళ్లిపోయే మొగిలి ఎక్కడ, ఈ గర్జన ఎక్కడ! నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాం ఇన్నాళ్లూ. ఆ నాలుకను పొద్దున్నే మాదాపూర్‌లో డబ్బింగ్ స్టూడియోకు తీసుకెళ్లి అక్కడే వాడేసి వస్తున్నాడని మాకేం తెలుసు?

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. నా పేరు పట్టాభిరామయ్య. మాది తెనాలి వైపు. నీటిపారుదల శాఖలో పనిచేసి, రిటైరయ్యాక నిజాంపేటలో ఈ ఫ్లాటులో స్థిరపడ్డాను. మనుషులు ఎగిరే కథలంటే నాకు ఒళ్లు మంట. నాకు నచ్చనిది చూస్తే నోరు ఊరుకోదు. అయినా మొగిలి విషయం తెలిశాక నేను కూడా ఏడున్నరకు టీవీ ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. అబ్బాయి పనితనం ఎలా ఉందో చూద్దామని మాత్రమే, ఇంకెందుకూ కాదు.

మొగిలిది జనగామ పక్క పల్లె. తండ్రి ఐలయ్య ఒగ్గు కథ బృందంలో వంత పాడేవాడట. డోలు చప్పుడు దాటి వినబడే గొంతట ఆయనది. కొడుక్కి గొంతు వచ్చింది, కథ రాలేదు. డిగ్రీ పూర్తిచేసి హైటెక్ సిటీలో ఒక కాల్ సెంటర్‌లో చేరాడు. అక్కడ మొదట నేర్పింది ఏమిటంటే, ‘ఏంది’ అనకూడదు, ‘ఏమిటండీ’ అనాలి. ‘జర ఆగుండ్రి’ కాదు, ‘దయచేసి వేచి ఉండండి’. కుర్రాడు తెలివైనవాడు, నెల తిరక్కముందే నోట్లోంచి జనగామను పూర్తిగా తుడిచేసుకున్నాడు. ఒకసారి ఫోన్ బిల్లు గురించి తిట్టిపోయడానికి ఫోన్ చేసిన పెద్దమనిషి, మధ్యలో తిట్లు ఆపి, “నీ గొంతు బాగుందయ్యా. సాయంత్రాలు ఏం చేస్తుంటావు?” అని అడిగాడట. ఆయనే డబ్బింగ్ చూసే లింగమూర్తి. అలా మొగిలి మైకు ముందుకు వచ్చాడు.

లింగమూర్తి పిసినారి. ముగ్గురు చేసే పని ఒకడితో అయిపోతే ఆయనకు ఆ పూట అన్నం సహిస్తుంది. అందుకే గగనధీరలో కాస్త వయసు మళ్లిన మగవాళ్లందరినీ మొగిలికే కట్టబెట్టాడు. ఆ సీరియల్‌లో తండ్రులందరి గొంతూ ఇతనిదే అయింది. కొడుకును వేధించే శతనేత్రుడు, కూతురు వేగ మెరుపులా పరుగెత్తుతుందని తెలియక ట్యూషన్‌కు వెళ్లిందనుకునే ఆటో దశరథ్, దారి తప్పిన కొడుకును తానే అరెస్టు చేయాల్సి వచ్చిన కమిషనర్. ముగ్గురివీ వేర్వేరు గొంతులు. ముగ్గురిదీ మాత్రం పుస్తకాల తెలుగు. ఆ సీరియల్‌లో తెలంగాణ మాట వచ్చేది ఒక్క జేబుదొంగ నోట్లోంచి. మా వైపు మాట వీరులకూ, వీళ్ల మాట దొంగలకూ పంచిపెట్టిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు. వినగా వినగా అదే సహజమనిపించింది మాకు. మొగిలి కూడా ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ ముగ్గురు తండ్రులూ పిల్లలతో గంటలకొద్దీ మాట్లాడతారు. బెదిరిస్తారు, బుజ్జగిస్తారు, వెక్కివెక్కి ఏడుస్తారు. వాళ్లందరి మాటలూ మాట్లాడి ఇంటికొచ్చేసరికి మొగిలికి గొంతు పెగిలేది కాదు. ఉప్పునీళ్లు పుక్కిలించి, మెడకు తువ్వాలు చుట్టుకుని, సైగలతో సంసారం చేసేవాడు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు. ఇతను తిరగేసి పుట్టాడు. బొటనవేలు ఎత్తితే బాగుందని, అరచేయి చూపిస్తే కాస్సేపు ఆగమని, చెంప మీద చెయ్యి పెడితే పడుకోమని. హర్షిణికి ఆ సైగలన్నీ కంఠతా వచ్చు. కూతురికి చెప్పాల్సిన మాటలన్నీ ఆటో దశరథ్ చెప్పేస్తున్నాడు. తెర మీద అతను, “నేనున్నానమ్మా, నువ్వు తినేదాకా నేను తినను” అంటే, మా సోఫాలోంచి ఈ పిల్ల “నేను తిన్న డాడీ, నువ్వు తిను” అని జవాబు చెప్పేది. అది విన్నప్పుడల్లా మా ఆవిడ ముఖం పక్కకు తిప్పుకునేది. నాకు మాత్రం మొగిలి మీద కోపం వచ్చేది. అంత అలిసిపోయేలా అరిపించే లింగమూర్తి మీద ఇంకా ఎక్కువ వచ్చేది.

ఇలా ఉండగా బాచుపల్లిలో హర్షిణి బడి దగ్గర ఒక పొరపాటు జరిగింది. అలాంటి పొరపాటు ఒక్క మొగిలికే సాధ్యం.

ఆ రోజు పని తొందరగా అయిపోయి, పిల్లను తీసుకురావడానికి తనే వెళ్లాడు. పొద్దుటినుంచీ శతనేత్రుడి గర్జనలే చెప్పి వచ్చాడు. బడి వదిలారు. హర్షిణి తండ్రిని చూసిన సంబరంలో రోడ్డు అటూ ఇటూ చూడకుండా పరుగెత్తుకొచ్చింది. అవతలనుంచి ట్రాలీ ఆటో ఒకటి దూసుకొస్తోంది. మొగిలి నోరు తెరిచి అరిచాడు. పొద్దుట్నుంచీ గొంతులో ఏ అరుపు నలుగుతోందో అదే వచ్చింది. “ఆగు!” అని శతనేత్రుడు బాచుపల్లి రోడ్డు మీద గర్జించాడు.

పిల్ల ఆగింది. ట్రాలీ ఆటో ఆగింది. గేటు దగ్గరున్న బడి బడంతా ఆగింది. ఒకటో తరగతి బుడ్డోడు ఒకడు గుక్కపట్టి ఏడుస్తూ, “శతనేత్ర వచ్చిండు!” అని ఆయా కొంగులో దూరాడు.

పిల్ల ప్రాణం దక్కింది, పరువు పోయింది. మర్నాటినుంచి హర్షిణి శతనేత్రుడి కూతురు. ఆ పిల్ల పక్కనుంచి వెళ్తే పిల్లలు టిఫిన్ బాక్సులు మూసేసేవారు. “మూయండ్రా, వాళ్ల డాడీకి కనబడ్తది!” అని. లెక్కల పరీక్షలో మంచి మార్కులు వస్తే, కెమెరాలో చూసి వాళ్ల నాన్న జవాబులు చెప్పాడన్నారు. పిల్లలు గదా, వాళ్లకది ఆటే. ఈ పిల్లకు కాదు. రాత్రి అన్నం ముందు కూర్చుని తండ్రితో అందట, “డాడీ, ఇగ మా స్కూల్ కాడ మాట్లాడకు. ప్లీజ్.”

మొగిలి బొటనవేలు ఎత్తాడు.

మాట ఇస్తే తప్పే మనిషి కాదు. నెలాఖరున టీచరు తల్లిదండ్రులను పిలిస్తే రేఖకు సెలవు దొరక్క తనే వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్యాణి టీచరు ఏమడిగినా తల ఊపాడు. “గొంతు బాగాలేదా అండీ?” అని ఆవిడ అడిగితే, అవునని గొంతు పట్టుకుని చూపించాడు. పాపం ఆవిడ మిరియాల పాలు తాగమని సలహా ఇచ్చి, “హర్షిణీ, మరి వార్షికోత్సవానికి అమ్మను తీసుకురా. నాన్నగారిని ఇబ్బంది పెట్టొద్దు” అంది. ఆ బడిలో ఒక ఆనవాయితీ ఉంది. వార్షికోత్సవం రోజున అయిదో తరగతి పిల్లలు అమ్మనో నాన్ననో వేదిక మీదకు తీసుకొచ్చి అందరికీ పరిచయం చేయాలి. వచ్చినవాళ్లు తమ పిల్ల గురించి రెండు మాటలు చెప్పాలి. హర్షిణి టీచరుకు సరేనంది. తండ్రి వైపు చూడలేదు.

ఇదంతా మొగిలి మా మెట్ల మీద కూర్చుని చెప్పాడు నాకు. ఎంత చిన్నగా చెప్పాడంటే, నేను వంగి వినాల్సి వచ్చింది.

“పోనీ పిల్లతో నువ్వే మాట్లాడి చూడవయ్యా” అన్నాను విసుగ్గా.

“ఏమని మాట్లాడాలె సార్? దానికి నా గొంతంటేనే సిగ్గయితుంది. దాని తప్పేం లేదు. కానీ సార్, దాని పక్కన నిలబడి నా బిడ్డ అని ఒక్కసారన్న చెప్పుకోవాలెనని ఉంటది గదా. టీవీల అందరి పిల్లలకు చెప్తున్న.”

లోపలినుంచి మా ఆవిడ మిరియాల పాలు తెచ్చి అతని చేతిలో పెట్టి, “తాగు నాయనా. ఆ శతనేత్రుణ్ని తిట్టినవన్నీ నీకు తగలవులే” అంది.

ఆ తర్వాత వచ్చిన శనివారం బడికి సెలవు. రేఖకు క్లినిక్ ఉంది. మా ఆవిడకు ఎప్పటినుంచో స్టూడియో చూడాలని ఆశ. “వస్తావే మీ డాడీ ఆఫీసు చూద్దాం?” అంటే హర్షిణి ముందు వద్దంది, తర్వాత అమ్మమ్మ కోసం వస్తానంది. నా పాత కారులో మొగిలితో కలిపి నలుగురం మాదాపూర్ బయల్దేరాం. అద్దాల మేడలన్నీ దాటి, వాటి వెనక ఒక సందులో, కింద కర్రీ పాయింటు ఉన్న భవనంలో మూడో అంతస్తు. ఇక్కడా గగనధీరుడు ఎగిరేది అనుకున్నాను. గోడలకు మెత్తలు అతికించిన చిన్న గది, అందులో ఒక మైకు, ఒక తెర. అద్దానికి ఇవతల గదిలో మీటలు నొక్కే కుర్రాడూ, లింగమూర్తీ.

ఆ రోజు చెప్పాల్సింది కథకంతటికీ ప్రాణమైన ఘట్టం. గగన్ ఊళ్లో కెమెరాలన్నీ పగలగొట్టేశాడు. శతనేత్రుడికి లోకం చీకటైపోయింది. కానీ ఆ పోరులో గగన్ శక్తి కూడా పోయి, ఎగరలేక, ఒక మేడ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. శతనేత్రుడికి అప్పుడు తెలుస్తుంది, వేలాడుతున్నవాడు తన కొడుకని. చెయ్యి అందించి లాగాలి. ఎక్కడున్నాడో కనబడదు. “మాట్లాడు నాన్నా! నువ్వు మాట్లాడితేనే నువ్వెక్కడున్నావో నాకు తెలుస్తుంది. ఆపకు, మాట్లాడు!” అని గాలిలో చేతులతో తడుముకుంటాడు. ఎగిరే కథలను ఈసడించే నేను కూడా, తెర మీద ఆ ముసలివాడి చేతులు చూసి కుర్చీలో ముందుకు జరిగాను. కాకిపిల్ల కాకికి ముద్దు. విలన్ అయితే మాత్రం తండ్రి కాకుండా పోతాడా?

మొగిలి చెప్పాడు. పెదవుల కదలికకు మాట అతికింది. గొంతు గట్టిగానే ఉంది. లింగమూర్తి పెదవి విరిచాడు. ఇంకోసారి చెప్పాడు. మళ్లీ విరిచాడు.

“ఎవరితో మాట్లాడుతున్నావయ్యా, గోడతోనా?” అన్నాడు ఇవతలి మైకులోంచి.

“గోడతోనే గదా సార్” అన్నాడు మొగిలి అమాయకంగా.

నిజమే. గగన్‌కు మాట చెప్పే కుర్రాడు వేరే రోజు వచ్చి వేరేగా చెప్పి వెళ్తాడు. కొడుకూ తండ్రీ ఇంతవరకూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదట. “మా రోజుల్లో ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి చెప్పేవాళ్లమండీ. ఎదుటివాడి కళ్లు చూస్తే మాట దానంతటదే వచ్చేది. ఇప్పుడు ఎవడి ముక్క వాడు చెప్పుకుపోతున్నాడు” అని లింగమూర్తి నాతో గోడు వెళ్లబోసుకున్నాడు. అలా అంటూనే ఆయన కళ్లు హర్షిణి మీద పడ్డాయి.

“పాపా, లోపలికి వెళ్లి మీ నాన్న ఎదురుగా నిలబడతావా? ఊరికే నిలబడాలి. చిన్న చప్పుడు కూడా చేయకూడదు. చేస్తే రికార్డయిపోతుంది.”

హర్షిణి అమ్మమ్మ వైపు చూసింది. మా ఆవిడ వెళ్లమని కళ్లతోనే చెప్పింది. పిల్ల తలుపు తోసుకుని వెళ్లి, మైకుకు అవతలి పక్క రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని నిలబడింది.

తెర మీద బొమ్మ కదిలింది. మొగిలి తెర వైపు ఒకసారి చూసి, తర్వాత కూతుర్ని చూశాడు. “మాట్లాడు నాన్నా” అన్నాడు. శతనేత్రుడి గొంతే అది. కానీ అందులో గర్జన లేదు, వణుకు ఉంది. “నువ్వు మాట్లాడితేనే నువ్వెక్కడున్నావో నాకు తెలుస్తుంది.” చెయ్యి చాచాడు. మైకు ముందు చెయ్యి చాచనవసరం లేదు, అయినా చాచాడు. పిల్ల నోటి మీద చేతులు ఇంకా గట్టిగా నొక్కుకుంది. “ఆపకు. నీకు దండం పెడతాను, మాట్లాడు!”

“ఇక్కడే ఉన్న డాడీ!” అని హర్షిణి గట్టిగా అరిచింది.

మీటల కుర్రాడు ఉలిక్కిపడి అన్నీ ఆపేశాడు. పిల్ల భోరుమంది. మొగిలి మైకు పక్కకు తోసి పిల్లను ఎత్తుకున్నాడు. అయిదో తరగతి పిల్లను చంకనెత్తుకుంటే కాళ్లు మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. మా ఆవిడ అద్దం ఇవతల కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లింగమూర్తి మీదకు లేవబోయాను, పిల్లను ఒక్క మాటన్నా ఊరుకునేది లేదని. ఆయన నన్ను పట్టించుకోనే లేదు. ఆ ముక్క మళ్లీ వేయించుకుని, కళ్లు మూసుకుని విని, “పాప గొంతు తీసేయ్. మిగతాదంతా ఉంచు. ఇంతకంటే మళ్లీ రాదు” అని కుర్రాడితో చెప్పి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

తిరుగు దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. వెనక సీట్లో తండ్రి మీద వాలి కూర్చున్న హర్షిణి కిటికీలోంచి చూస్తూ, “డాడీ, మా ఫంక్షన్‌కు వస్తవా?” అంది.

మొగిలి తల ఊపాడు.

“తల ఊపుడు కాదు. నోటితోని చెప్పు.”

“వస్త బిడ్డా.”

“స్టేజ్ మీద ఏ గొంతుతోని మాట్లాడ్తవ్?”

మొగిలి నవ్వబోయి ఆగిపోవడం నాకు కారు అద్దంలో కనబడింది. వార్షికోత్సవం ముందు రోజు మెట్ల మీద కనబడి, ఆ ప్రశ్న ఇంకా తేలలేదన్నాడు. “శతనేత్ర గొంతుతోని మాట్లాడితే పిల్లలు నవ్వుతరు. దశరథ్ గొంతయితే యాక్టింగ్ లెక్క ఉంటది. కమిషనర్ గొంతయితే టీచర్లు భయపడతరు. నాది ఏదో నాకే యాది లేదు సార్. పరేషానయితుంది.”

“అంత ఆలోచన దేనికయ్యా? నోరు తెరువు, ఏదొస్తే అదే” అన్నాను. సలహా చెప్పడం సులువు.

వార్షికోత్సవానికి మమ్మల్ని కూడా పిలిచింది హర్షిణి. రేఖ సెలవు పెట్టుకుని వచ్చి, మా పక్కన కూర్చుంది. పిల్లల నాట్యాలయ్యాయి, బహుమతులయ్యాయి. అయిదో తరగతి వంతు వచ్చింది. తండ్రులు కొందరు నేరుగా ఆఫీసుల నుంచి వచ్చారు, మెళ్లో గుర్తింపు కార్డులు తీయకుండానే వేదిక ఎక్కారు. ఇంగ్లీషులో చక్కగా రెండు ముక్కలు చెప్పి, ఫోన్ చూసుకుంటూ దిగిపోయారు. తర్వాత హర్షిణి తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇస్త్రీ చొక్కాలో మొగిలి పెళ్లికొడుకులా బిగుసుకుపోయాడు. కళ్యాణి టీచరు కంగారుగా అమ్మ కోసం వెతికింది.

కింద పిల్లల్లో గుసగుస మొదలైంది. ఎవడో గట్టిగానే, “శతనేత్ర! బాక్సులు మూయండ్రోయ్!” అన్నాడు. ఒక్కసారిగా నవ్వులు. రేఖ నా పక్కన తల దించుకుంది. నాకు ఆ పిల్లాడి చెవి మెలిపెట్టాలనిపించింది కానీ, మూడు వరుసల అవతల ఉన్నాడు.

మొగిలి చేతిలో మైకు ఉంది. నోరు తెరిచాడు, మూశాడు. రోజంతా మైకు ముందు బతికే మనిషి, మైకు పట్టుకుని మాట రాక నిలబడ్డాడు. కూతురి వైపు చూశాడు. దిగిపోదామా అని చేత్తో సైగ చేశాడు. అది మాకూ అర్థమైంది.

హర్షిణి ఆ సైగ చేసే చేతిని పట్టుకుని కిందకు దించింది. “మాట్లాడు డాడీ” అంది. మైకు దగ్గరే ఉంది కనక హాలంతా వినబడింది. “నేను ఇక్కడే ఉన్న.”

మొగిలి గొంతు సవరించుకున్నాడు.

“అందరికి నమస్తే. నా పేరు మొగిలి. నేను హర్షిణి నాయినను” అన్నాడు. మెట్ల మీద గుసగుసగా తప్ప ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కొంచెం సన్నగా, కొంచెం జీరగా, జనగామ మట్టి అంటుకుని ఉంది. “నేను టీవీల మాట్లాడుత. అండ్ల ముగ్గురు నాయినలు ఉన్నరు. ముగ్గురి తరఫున నేనే మాట్లాడి మాట్లాడి, ఇంటికి పోయినంక నా బిడ్డతోని మాట్లాడలే ఇన్నొద్దులు. అయినా అది నా మీద అలగలే. టీవీకి జవాబు చెప్పింది. గంత మంచిది నా బిడ్డ. ఇగ ఫికర్ లేదు. ఇగ నేనే మాట్లాడుత.”

పిల్లల నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో నాకు తెలియదు. ఆఫీసు కార్డుల తండ్రుల్లో ఒకరిద్దరు ఫోన్లు జేబులో పెట్టుకోవడం మాత్రం చూశాను. రేఖ ఏడుస్తూ నవ్వుతోంది. మా ఆవిడ నా మోచేయి పట్టుకుని, “ఏమండీ, ఇన్నేళ్లుగా మన నెత్తి మీదే ఉంటున్నాడు, రోజూ టీవీలో వింటున్నాం. ఈ అబ్బాయి గొంతు ఇలా ఉంటుందని ఇవాళే గదండీ తెలిసింది!” అంది.

టీచర్లు చప్పట్లు కొట్టారు. ఇందాక అరిచిన పిల్లాడు ఊరుకోకుండా లేచి నిలబడి, “అంకుల్, ఇది శతనేత్ర గొంతు కాదు గదా! ఇది ఎవరిది?” అని అడిగాడు. వాడిది వెక్కిరింత కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

మొగిలి జవాబు చెప్పేలోపు హర్షిణి మైకు లాక్కుంది.

“ఇది మా డాడీది. ఇది టీవీల రాదు, మా ఇంట్లనే వస్తది” అంది.